కోర్ట్ ఆఫ్ వార్డ్స్ దస్త్రాలు, రెసిడెన్సీ బజారు

వారసుడు మైనరైనా, హక్కుదారుకు మతిస్థిమితం లేకపోయినా, ఎస్టేటు అప్పుల్లో మునిగినా ప్రభుత్వమే దాన్ని చేతిలోకి తీసుకుని నడిపే ఏర్పాటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్. పేరుకు కోర్టే గాని ఇది రెవెన్యూ యంత్రాంగం పని. మద్రాసు రాజధానిలో 1804 నాటి 5వ రెగ్యులేషన్‌తో మొదలై 1902 చట్టంతో స్థిరపడింది. పిఠాపురం రాజా సూర్యారావు బహద్దూరు మైనరుగా ఉన్నంత కాలం ఆ సంస్థానాన్ని నడిపింది ఇదే. నిజాం రాజ్యంలోనూ ఈ పద్ధతి ఉండేది. అక్కడి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చట్టం 1350 ఫసలీ, అంటే 1940-41 నాటిది. ఆ చట్టానికి ముందే, 1923లో పుట్టిన రాజా రామేశ్వరరావు పసితనంలో వనపర్తి సంస్థానం ఇలాగే ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లింది.

ఎస్టేటు చేతికి రాగానే ఆస్తుల జాబితా రాయించేవారు, మేనేజరును నియమించేవారు, అప్పులవాళ్లతో లెక్క తేల్చేవారు. మైనరు చదువు, పెళ్లి ఖర్చు, వితంతువుల మనోవర్తి, రైతుల అర్జీలు అన్నీ ఫైలుకెక్కేవి. రాజుల వంశావళులు చెప్పని ఇంటి సంగతులు ఈ కాగితాల్లోనే దొరుకుతాయి. అందుకే వీటి విలువ.

అప్పుల లెక్క దగ్గరే హైదరాబాదులోని సుల్తాన్ బజార్ ప్రస్తావన వస్తుంది. 1933 దాకా ఇది రెసిడెన్సీ బజారు. నిజాం రాజధాని నడుమ ఉన్నా ఇక్కడ అధికారం బ్రిటిష్ రెసిడెంటుది, కోర్టులూ ఆయనవే. ఆ రక్షణ చూసుకునే సాహుకార్లు ఇక్కడ కోఠీలు పెట్టారు. జాగీర్దారుకు ఇక్కడి సాహుకారు అప్పిస్తే బాకీదారు ఒక ఏలుబడిలో, రుణదాత మరో ఏలుబడిలో ఉన్నట్టు. 1933లో బజారు నిజాం అధికారంలోకి వచ్చి సుల్తాన్ బజార్ అయింది.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. దాంతో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ సంరక్షణకు జాగీర్లు మిగలలేదు. అయితే అదే ఏడు సంతానం లేకుండా కన్నుమూసిన నిజాం మాజీ దివాను మూడవ సాలార్‌జంగ్ ఆస్తిని ప్రభుత్వం వేసిన కమిటీ చూసుకుంది. 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియం ఆ ఏర్పాటు ఫలమే.

రెసిడెన్సీ కాగితాలు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో, నిజాం ప్రభుత్వ దస్త్రాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్నాయి. నిజాం దస్త్రాల్లో ఎక్కువ భాగం ఫారసీ, ఉర్దూల్లోనివి. ఆ రెండు భాషలు చదవగల తెలుగు పరిశోధకులు తయారైతేనే మన సంస్థానాల చరిత్ర పూర్తవుతుంది.