పాల్వంచ బూడిద ఎవరి వాటా?

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమ చరిత్ర రాసేవాళ్లు చాలామంది పాల్వంచ దగ్గర మొదలుపెడతారు. కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌లో కొలువులు స్థానికులకే ఇవ్వాలని, ముల్కీ హామీలు అమలు చేయాలని అక్కడ లేచిన గొంతు ఆ జనవరిలోనే ఖమ్మం చేరింది. విద్యార్థి రవీంద్రనాథ్ నిరాహారదీక్షకి కూచున్నాడు. తర్వాతి కథ అందరికీ తెలిసిందే. కానీ ఆ స్టేషన్ అప్పటికే, 1966 నుంచీ, బొగ్గు కాలుస్తోంది. కొలువుల్లో మా వాటా ఎంత అని అడిగినవాళ్లను చరిత్ర గుర్తుపెట్టుకుంది. బూడిదలో ఎవరి వాటా ఎంత అన్నది మాత్రం ఉద్యమ సాహిత్యంలో వెతికినా కష్టంగా దొరుకుతుంది.

లెక్క వేసి చూద్దాం. మన దేశపు బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే బూడిద. ఒక యూనిట్ కరెంటుకి సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. పాల్వంచ పాత ప్లాంటు 720 మెగావాట్లది. పూర్తిగా నడిస్తే రోజుకి 12 వేల టన్నుల బొగ్గు, 4 వేల టన్నుల బూడిద. ఈ బూడిదలో ఎక్కువ భాగాన్ని నీళ్లలో కలిపి పైపుల్లో బూడిద చెరువుకి పంపేవారు. తడిగా ఉన్నన్నాళ్లూ అది చెరువే. ఎండాకాలం ఎండిందంటే గాలికి లేచి ఊరి మీద పడుతుంది. ఆరేసిన బట్టల మీద, మూత తీసిన కుండలో, కంచంలో అన్నం మీద. కరెంటు తీగలెక్కి హైదరాబాద్ పోతుంది, బూడిద మాత్రం ఊళ్లోనే ఉంటుంది.

చట్టం ఏం చేస్తోంది అనొచ్చు. చిమ్నీ ముందొచ్చింది, చట్టం తర్వాతొచ్చింది. నీటి చట్టం 1974, గాలి చట్టం 1981, పర్యావరణ పరిరక్షణ చట్టం 1986. కొత్త ప్రాజెక్టులకి ముందస్తు అనుమతి 1994లో, ప్రజాభిప్రాయ సేకరణ 1997లో, బూడిదని ఇటుకలకీ సిమెంటుకీ వాడాలన్న నోటిఫికేషన్ 1999లో వచ్చాయి. అంటే 30 ఏళ్ల పాటు పడ్డ బూడిదకి ఎవరినీ అడిగిందిలేదు.

ఇక ఎవరి మీద పడుతుందన్నది. బొగ్గు పట్టణాలన్నింటా క్వార్టర్లు ఒక పక్క, బస్తీలు ఒక పక్క. ఇల్లెందులో 1889లో తవ్వకం మొదలైనప్పటి నుంచి ఇదే వరస. పర్మినెంటు ఉద్యోగికి కాలనీ, చెట్లు, కుళాయి. బూడిద ఎత్తే, బొగ్గు దించే, కాలవలు తీసే కాంట్రాక్టు కూలీకి దొరికిన చోట గుడిసె. ఆ గుడిసెల్లో ఎక్కువమంది మాల మాదిగలు, భూమి పోయిన కోయలు. పర్యావరణం గురించి పెద్ద పత్రికల్లో రాసే మన అగ్రకుల మేధావులకి అడవి కనబడుతుంది, పులి కనబడుతుంది. బస్తీ మాత్రం ఆనదు. దళితుడి ఊపిరితిత్తుల్ని ప్రకృతిలో భాగంగా లెక్కపెట్టేదెప్పుడు?

ఏజెన్సీలో దళితుడి ఇబ్బంది ఇంకొకటుంది. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదు. ఆ చట్టాన్ని నేను తప్పుపట్టడం లేదు. కోస్తా నుంచి వచ్చిన భూస్వాములు కాజేసిన భూముల్ని తిరిగి రాబట్టడానికి ఆదివాసీలకి ఉన్న ఆయుధం అదొక్కటే. కానీ ఆ భూముల్లో కూలి చేసే దళితుడి చేతిలో పట్టా ఉండదు. అడవి హక్కుల చట్టం (2006) ఆదివాసీలు కానివాళ్లని 75 ఏళ్ల నివాసానికి రుజువు చూపమంటుంది. అంచేత ప్రాజెక్టు వస్తే అతనికి నష్టపరిహారం అడిగే కాగితమే ఉండదు, నేరుగా బస్తీకి చేరతాడు.

1997లో సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూముల్ని, గనుల్ని ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వడాన్ని అడ్డుకుంది. అప్పటి విశాఖ జిల్లా బొర్రా ప్రాంత ఆదివాసీల కోసం వేసిన కేసు అది, గొప్ప తీర్పు. అయితే ప్రభుత్వ సంస్థలకి ఆ తలుపు తెరిచే ఉంది. భద్రాచలం చుట్టుపక్కల గనీ, థర్మల్ ప్లాంటూ ఎక్కువగా సర్కారు పేరుతోనే వస్తాయి.

2015లో మణుగూరు, పినపాక మండలాల్లో గోదావరి ఒడ్డున 1080 మెగావాట్ల భద్రాద్రి ప్లాంటుకి శంకుస్థాపన చేశారు. పర్యావరణ అనుమతి రాకుండానే పనులు మొదలయ్యాయి. మానవ హక్కుల వేదిక చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో ట్రిబ్యునల్ పనులు ఆపమంది. ఈ ప్రాంతంలో పొగ గురించి అధికారంతో తలపడిన కేసుల్లో దీన్ని ముందు వరసలో పెట్టాలి. అయితే 2017 మార్చిలో అనుమతి వచ్చేసింది. 2022 జనవరికల్లా నాలుగు యూనిట్లూ నడిచాయి. అదే ఏడాది జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. భూములిచ్చినవాళ్లు మాత్రం మళ్లీ ఉద్యోగాల కోసమే రోడ్డెక్కారు. అది వాళ్ల తప్పు కాదు. కూడు ముందా ఊపిరి ముందా అని పేదవాణ్ణి ఎంచుకోమనడమే ఈ వ్యవస్థ చేస్తున్న పని.

పాల్వంచలో పాత ప్లాంటు 2020లో మూతపడింది. 2024 ఆగస్టులో దాని ఎనిమిది కూలింగ్ టవర్లని పేలుడు పదార్థాలతో కూల్చేశారు. జనం దూరం నుంచి నిలబడి చూశారు. టవర్లయితే కూలాయి. 1966 నుంచి పోసిన బూడిద ఇప్పుడెక్కడ, ఎంత ఎత్తున ఉంది, దాని కింద ఎవరి భూమి ఉంది, ఆ పక్క బోరు నీళ్లని ఎవరు పరీక్ష చేశారు? ఈ నాలుగు ప్రశ్నలూ సమాచార హక్కు కింద ఏ బస్తీ యువకుడైనా ఒక కాగితం మీద రాసి అడగొచ్చు.