బేల్దారి చేతికి పట్టా

సింగపూర్ నడిబొడ్డున సెయింట్ ఆండ్రూస్ చర్చి ఉంది. తెల్లగా, నున్నగా మెరిసే దాని గోడలకు పూసింది మద్రాసు సున్నం. ఇసుక కలపని సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన, ముతక చక్కెర వేసి ముద్దగా దంచి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లతో పదును చేసి పూశారు. ఆరాక స్ఫటికపు రాయితో రుద్ది మెరుగు తేల్చారు. పెనుకొండ కోటలో పాత గచ్చు చూసినవాళ్లకు, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి గానుగలో సున్నం ఆడించిన సంగతి పెద్దల నోట విన్నవాళ్లకు ఇదేమంత వింత కాదు. ఆ పని చేసిన చేతులు ఎవరివన్నదే తెలుసుకోవాల్సిన సంగతి. 1856లో మొదలైన ఆ చర్చిని కట్టినవాళ్లు మన దేశం నుంచి ద్వీపాంతరం పంపిన ఖైదీలు.

నేను ఇక్కడ సైటు ఇంజనీరుగా పనిచేస్తాను. అనంతపురం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "అంత చిన్న దేశం కదప్పా, అన్ని మేడలు ఎవరు కడతారు?" ఈ ప్రశ్నకు జవాబు చెబితే సింగపూర్ చరిత్ర సగం చెప్పినట్టే. ఈ దీవికి ఓడరేవు ఉంది, వర్తకం ఉంది, డబ్బూ ఉంది. కట్టే చేతులు మాత్రం రెండు వందల ఏళ్లలో ఏనాడూ చాలినన్ని లేవు.

1819లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ దిగారు. పెనాంగ్ నుంచి వాళ్ల వెంట వచ్చిన నారాయణ పిళ్లై ఇటుక బట్టీ పెట్టి, ఇళ్లు కట్టించే కాంట్రాక్టరయ్యాడు. ఊరు పెరిగేకొద్దీ కూలీలు దొరకలేదు. 1825 ఏప్రిల్‌లో సుమత్రా దీవిలోని బెంకూలెన్ నుంచి భారతీయ ఖైదీలను ఓడల్లో తెచ్చి దించారు. మొదటి ఓడలో వచ్చిన 80 మందీ మద్రాసు ఖైదీలే. అప్పటికి మన దత్త మండలాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోవే. రోడ్లు వేయడం, బురద నేలలు పూడ్చడం, ఇటుకలు కాల్చడం, దీపస్తంభాలు కట్టడం అన్నీ ఈ ఖైదీల మీదే పడ్డాయి. జైల్లోనే వాళ్లకు తాపీపని, వడ్రంగం, కమ్మరం నేర్పారు. నడవడిక బాగుండి పనితనం చూపినవాళ్లను పై తరగతికి ఎక్కించారు. తోటి ఖైదీల మీద కావలి పని కూడా వాళ్లకే అప్పగించారు. 1873లో ఖైదీలను ఇక్కడ ఉంచే పద్ధతి ఎత్తేశారు. విడుదలైన చాలామంది నేర్చిన పనితోనే ఇక్కడ బతికారు. ఈ దేశంలో పనితనాన్ని తరగతులుగా లెక్కగట్టిన పాత పద్ధతి ఒకటి జైల్లో నడిచింది. నాకు ఇది బాధ కలిగించే నిజం, దాచకూడని నిజం.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు చైనా నుంచి ఆడవాళ్లు వచ్చారు. 1933లో వలస పాలకులు చైనా మగవాళ్ల రాకపై కోటా పెట్టారు. ఆడవాళ్ల మీద కొన్నేళ్ల పాటు ఆ ఆంక్ష లేదు. గ్వాంగ్‌డాంగ్‌లోని సాంషుయి ప్రాంతం నుంచి స్త్రీలు ఓడలెక్కి వచ్చి, తలకు ఎర్రగుడ్డ కట్టుకుని, కట్టడాల దగ్గర మట్టి, ఇటుకలు మోశారు. ఈ దేశం ఇప్పుడు వాళ్లను గౌరవంగా తలుచుకుంటుంది, మ్యూజియాల్లో వాళ్ల బొమ్మలు పెట్టింది. కానీ బతికినన్నాళ్లూ వాళ్లలో ఎక్కువమంది మోతకూలీలుగానే ఉండిపోయారు. మన పక్క బేల్దారి పనిలో ఇటుకలు అందించే, మాలు బొచ్చెలు నెత్తిన మోసే ఆడకూలీలు నాకు వెంటనే గుర్తొస్తారు. పాతికేళ్లు మోసినా ఆమె చేతికి తాపీ ఇచ్చినవాళ్లు అరుదు.

1960లో సింగపూర్ గృహనిర్మాణ మండలి ఏర్పడింది. మరుసటి ఏడాది మే నెలలో బుకిత్ హో స్వీ మురికివాడ తగలబడి వేలమంది వీధిన పడ్డారు. వాళ్లకు గూడు చూపడానికి మొదలైన వేగం మళ్లీ తగ్గలేదు. స్థానిక యువకులు మాత్రం జురాంగ్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల వైపు వెళ్లిపోయారు. ఎండలో సిమెంటు దుమ్ములో ఎవరు ఉంటారు? మలేసియా కూలీలూ చాలక, 1970లు ముగిసేసరికి భారత్, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ వాళ్లకు తలుపులు తీశారు. నైపుణ్యం ఉందో లేదో చూసే తీరిక లేకుండా మనుషులను దింపుకుంటే గోడలు వంకరపోతాయి. అందుకే 1984లో నిర్మాణ పరిశ్రమ అభివృద్ధి మండలిని పెట్టి, శిక్షణ, పరీక్షలు దాని కింద చేర్చారు. 1999లో అదీ, కట్టడాల నియంత్రణ విభాగమూ కలిసి ఇప్పటి బీసీఏ (భవన, నిర్మాణ అథారిటీ) అయ్యాయి.

ఈ మధ్యలో జరిగిన ఒక దుర్ఘటన గురించి ఇంజనీరింగ్ చదివే మన పిల్లలందరికీ తెలియాలి. 1986 మార్చి 15 పొద్దున, సెరంగూన్ రోడ్డులో హోటల్ న్యూ వరల్డ్ ఉన్న ఆరంతస్తుల భవనం నిమిషం లోపే కుప్పకూలింది. 33 మంది చనిపోయారు. శిథిలాల కింద నుంచి 17 మందిని బయటికి తీశారు. మెట్రో రైలు సొరంగాలు తవ్వుతున్న విదేశీ ఇంజనీర్లు, పనివాళ్లు వచ్చి, కూలిన స్లాబుల కింద సొరంగాలు తొలిచి మనుషులను చేరుకున్నారు. కారణం విచారణలో తేలింది. భవనంలోకి వచ్చే మనుషులు, సామాన్ల బరువు లెక్కలో ఉంది. భవనం సొంత బరువు, అంటే స్లాబులు, దూలాలు, గోడల బరువు, లెక్కలో లేదు. డిజైను చేసిన వ్యక్తి అర్హత ఉన్న ఇంజనీరు కాదు, డ్రాఫ్ట్స్‌మన్. 1971లో పూర్తయిన ఆ భవనపు స్తంభాలు పదిహేనేళ్లు ఓర్చుకున్నాయి. 1989లో కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒక ఇంజనీరు వేసిన డిజైనును, ఆ పనితో సంబంధం లేని ఇంకో గుర్తింపు పొందిన ఇంజనీరు మొదటి నుంచి లెక్కగట్టి సరిచూడాలి. అదే ఏడాది పనితనానికి మార్కులు వేసే కాన్‌క్వాస్ పద్ధతి కూడా మొదలైంది.

ఆ మార్కులు వేసే రోజు చూడాలి. పరిశీలించేవాడు సన్నని కడ్డీతో టైల్స్ మీద తట్టుకుంటూ పోతాడు. కింద మాలు నిండుగా ఉంటే గట్టి చప్పుడు, బోలుగా ఉంటే డొల్ల చప్పుడు. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక టైల్స్ మేస్త్రీ మా సైటులో ఉండేవాడు. కడ్డీ అవసరం లేకుండా వేలి కణుపుతో తట్టి డొల్ల ఎక్కడుందో చెప్పేవాడు. "మా నాయన మట్టం వాడడు సార్, ఒంటికన్ను మూసి చూసి వాటం చెప్పేస్తాడు" అనేవాడు. అలాంటివాడు కూడా ఇక్కడికి రావడానికి ముందు తమిళనాడులోని ఒక కేంద్రంలో పరీక్ష రాయాల్సి వచ్చింది. చిన్న గదిలో నిలబెట్టి, చేతికి డ్రాయింగ్ ఇస్తారు. గడువులోగా కొలతల ప్రకారం టైల్స్ పరిచి చూపాలి. రసమట్టం పెట్టి, మూలమట్టం పెట్టి చూస్తారు. రాత పరీక్ష కూడా ఉంటుంది. తండ్రి దగ్గర నేర్చిన పనిలో అతనికి తడబాటు లేదు. డ్రాయింగ్ చదవడం మాత్రం కొత్తగా నేర్చుకున్నాడు. శిక్షణకూ ఏజెంటుకూ కలిపి కట్టిన డబ్బు కోసం పొలం తాకట్టు పెట్టాడు. వానలు లేక వేరుశనగ ఎండిన పొలం అది.

ఆ పరీక్ష పాసైతే వచ్చే పట్టా వల్ల ఎవరికి లాభమన్నది తేటగా చెప్పాలి. విదేశీ కార్మికుణ్ణి పెట్టుకున్న యజమాని నెలనెలా ప్రభుత్వానికి లెవీ కట్టాలి. 2024 జనవరి నుంచి మన దేశపు నిర్మాణ కార్మికుడు ప్రాథమిక నైపుణ్యం తరగతిలో ఉంటే నెలకు 900 సింగపూర్ డాలర్లు, ఉన్నత నైపుణ్యం తరగతిలో ఉంటే 500 డాలర్లు. తేడా 400 డాలర్లు. అందుకే కంపెనీలు మేస్త్రీలను పై పరీక్షలకు పంపుతాయి. పరీక్ష పాసైతే యజమానికి మిగిలేది నిక్కచ్చిగా లెక్క తేలుతుంది. మేస్త్రీ జీతం ఎంత పెరగాలో మాత్రం ఏ చట్టమూ చెప్పదు. నా ఉద్యోగానికి ఇచ్చే పాస్ మీద భార్యాపిల్లలను తెచ్చుకున్నాను. వర్క్ పర్మిట్ మీద వచ్చిన మేస్త్రీకి ఆ వీలు లేదు. మేమిద్దరం ఒకే స్లాబు మీద నిలబడి పనిచేస్తాం. ఈ తేడాను నేను న్యాయమని ఒప్పుకోలేను.

2020లో కరోనా వచ్చి వసతి గృహాల్లో కార్మికులను నెలల తరబడి కట్టడి చేసినప్పుడు సైట్లన్నీ ఆగిపోయాయి. ఫ్లాట్ల తాళాలు చేతికొస్తాయని పెళ్లి ముహూర్తాలు పెట్టుకున్న స్థానిక జంటలు ఎదురుచూస్తూ ఉండిపోయాయి. మేస్త్రీ లేకపోతే ఏమవుతుందో దేశమంతటికీ అప్పుడు తెలిసొచ్చింది. 2025 జులై నుంచి వర్క్ పర్మిట్ మీద ఎన్నేళ్లు ఉండొచ్చన్న పరిమితిని ఎత్తేశారు. అంతకు ముందు ప్రాథమిక తరగతివాళ్లకు 14 ఏళ్లు దాటితే ఇంటిదారే.

ఇక మన సంగతి. కదిరి, కళ్యాణదుర్గం, మడకశిర పక్కల నుంచి బెంగళూరుకు బేల్దారి పనికి పోని ఊరు అరుదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. అది మట్టిపనికి భరోసా ఇచ్చింది, నైపుణ్యానికి పేరు పెట్టలేదు. ఇరవై ఏళ్లు బెంగళూరు అపార్టుమెంట్లు కట్టిన మనిషి ఇప్పటికీ గుంపుమేస్త్రీ చెప్పిందే కూలి అని తీసుకుంటున్నాడు. తనకేం వచ్చో చూపడానికి కాగితం ముక్క లేదు. అటు బిల్డర్లేమో మంచి మేస్త్రీలు దొరకడం లేదని మొత్తుకుంటారు. మనకు కొదవ మేస్త్రీలకు కాదు, వాళ్ల పనితనాన్ని చూసి రాసిచ్చే పద్ధతికి. ఉన్న పనితనాన్ని గుర్తించే పథకాలు కేంద్రానికి ఉన్నాయి. హైదరాబాద్‌లో 1998లో పెట్టిన జాతీయ నిర్మాణ అకాడమీ ఉంది. అవి మన పల్లెలోని మేస్త్రీ ఇంటి గడప దాకా రావాలి.

సింగపూర్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోమని నేను అనను. పరీక్షను తెచ్చుకుందాం, అప్పును వదిలేద్దాం. అనంతపురం, కదిరి ఐటీఐల్లో ఏడాదికి రెండుసార్లు, వేసవి పనులు ముగిశాక ఒకసారి, సంక్రాంతికి ఊళ్లకు వచ్చినప్పుడు ఒకసారి, తెలుగులో పరీక్ష పెట్టాలి. గోడ కట్టించి, టైల్స్ పరిపించి, కడ్డీలు కట్టించి చూడాలి. చదువు రానివాడికి ప్రశ్న చదివి వినిపించాలి. ఆడవాళ్లను మోతకూలీల పట్టీ నుంచి తీసి తాపీ శిక్షణకు పేరు రాసుకోవాలి. రుసుము మేస్త్రీ జేబులోంచి రాకూడదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996 చట్టాలతో మొదలుపెట్టి కట్టడాల ఖర్చు మీద సెస్సు వసూలవుతోంది. మన మేస్త్రీలు కట్టిన ప్రతి పెద్ద భవనం నుంచీ ఆ డబ్బు కార్మికుల సంక్షేమ మండళ్లకు చేరాల్సిందే. పరీక్ష ఖర్చు ఆ నిధి నుంచే ఇవ్వాలని జిల్లా కార్మిక శాఖను అడగండి.