టీవీ తెర మీది అమ్మాయి ఎవరి మాట వింది?

అమెరికా టీవీలో ఒంటి చేత్తో దుండగుల్ని మట్టికరిపించే ఆడవాళ్లు 1970లలోనే కనబడ్డారు. 1975లో లిండా కార్టర్ 'వండర్ ఉమన్'గా వచ్చారు. మరుసటి ఏడు 'బయానిక్ ఉమన్', 'చార్లీస్ ఏంజెల్స్' మొదలయ్యాయి. పిల్లలు కళ్లప్పగించి చూశారు. అయితే మూడింట్లోనూ పైన ఒక మగ అధికారి ఉంటాడు. వండర్ ఉమన్ మామూలు వేషంలో మేజర్ ట్రెవర్ కింద ఉద్యోగి. ఏంజెల్స్‌కైతే చార్లీ ముఖం కూడా కనబడదు. స్పీకర్‌లోంచి గొంతు వినిపిస్తుంది, వీళ్లు బయల్దేరతారు.

నాన్సీ డ్రూ గతి మరీ అన్యాయం. 1977లో ఏబీసీ చానల్ హార్డీ సోదరుల కథల్నీ, పరిశోధకురాలు నాన్సీ కథల్నీ ఒకే కార్యక్రమంగా మార్చి మార్చి వేసింది. రెండో సీజన్‌లో రెంటినీ కలిపేశారు. పమేలా స్యూ మార్టిన్ తప్పుకున్నారు, ఆ పాత్రకు వేరే నటిని తెచ్చారు. మూడో సీజన్‌కి నాన్సీయే లేదు, అన్నదమ్ములు మిగిలారు.

అమ్మాయి కథ అబ్బాయిలు చూడరని చానళ్లవాళ్ల గట్టి నమ్మకం. 1991లో పిల్లల చానల్ నికలోడియన్ అమ్మాయే నాయికగా వేసిన 'క్లారిసా' దాన్ని కొంత సడలించింది. 1995లో కత్తి పట్టిన 'జీనా' వచ్చింది.

అసలు మలుపు 1997 మార్చిలో మొదలైన 'బఫీ', పిశాచాల్ని వేటాడే అమ్మాయి కథ. భయానక చిత్రాల్లో చీకటి సందులోకి వెళ్లిన బంగారు జుట్టు పిల్ల చావడం ఆనవాయితీ. రచయిత జాస్ వీడన్ దాన్ని తిరగేశాడు: ఆ సందులో పిశాచమే చస్తుంది. నాకు మాత్రం పోరాటాలకన్నా అయిదో సీజన్‌లోని ఒక ఘట్టం గొప్పగా తోస్తుంది. బఫీ మీద పెత్తనం తమదనుకునే పెద్దల మండలి ఇంగ్లండ్ నుంచి పరీక్ష పెట్టడానికి దిగుతుంది. మాట వినకపోతే ఆమె గురువు జైల్స్‌ని దేశం దాటిస్తామని బెదిరిస్తుంది. బఫీకి హఠాత్తుగా విషయం బోధపడుతుంది: తను లేకపోతే వీళ్లకు పనే లేదు. అడ్డొచ్చినవాడి వైపు కత్తి విసిరి, షరతులు తనే పెడుతుంది. జైల్స్ ఉద్యోగం తిరిగి ఇవ్వాలి, అదీ పాత జీతం బకాయిలతో సహా!

ఆ పిల్లకే తల్లి చనిపోతే ఇల్లు గడవక బర్గర్ల దుకాణంలో పనికి కుదరాల్సి వస్తుంది. కౌమారంలో ఉన్నవాళ్లకు ఈ కథ పనికొచ్చింది ఇక్కడే. ధైర్యమంటే కండబలం ఒక్కటే కాదు, ఎవరి మాట వినాలో, ఎప్పుడు వినకూడదో తేల్చుకోవడమూ, బిల్లులు కట్టుకోవడమూనని చూపింది. ఇంత రాసిన వీడన్ సెట్‌లో తన అధికారాన్ని దుర్వినియోగం చేశాడని అదే సీరియల్ నటి కరిస్మా కార్పెంటర్ 2021లో ఆరోపించారు. రచనను మెచ్చుకునేటప్పుడు ఆ మాట దాచిపెట్టడం సరికాదు.

2012లో నికలోడియన్‌లోనే 'లెజెండ్ ఆఫ్ కోరా' వచ్చింది. ముఖ్యపాత్ర కోరా అమ్మాయి కావడంతో చానల్ పెద్దలు సందేహించారట. ముందుగా చూపించిన అబ్బాయిలకు మాత్రం అది పట్టనే లేదు, కోరా భలేగా ఉందన్నారు. అంటే ఇన్నేళ్లూ జంకింది పిల్లలు కాదు, చానళ్లే. ఆ జంకు పూర్తిగా పోయిందనీ అనలేం: 2014లో మూడో సీజన్ మధ్యలో నికలోడియన్ కోరాను టీవీ నుంచి తీసేసి, మిగతా భాగాలను ఇంటర్నెట్‌కు మళ్లించింది.