ఆస్తి ఒకరిది, అజమాయిషీ మరొకరిది

సైదాబాద్ నుంచి మలక్‌పేట వైపు వెళ్తే గుట్ట మీద అస్మన్‌గఢ్ కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని పైగా ప్రభువంశపు నవాబు సర్ అస్మాన్ జా 1885లో కట్టించిన విడిది అది. ఆయన కుమారుడు మొయినుద్దౌలా పేరు క్రికెట్ అభిమానులకు గోల్డ్ కప్ వల్ల తెలుసు. హైదరాబాద్ న్యాయవాదులకు ఆ పేరు మరో రకంగా కూడా పరిచయం. ఆయన మత్రూకా, అంటే విడిచిపోయిన ఆస్తి, పంచమని వారసులు వేసిన దావా హైకోర్టులో 1958 నాటి ఏడో నంబరు సివిల్ దావాగా నమోదైంది. 1959లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. ఆస్తుల అజమాయిషీ కోర్టు నియమించిన రిసీవర్ల చేతికి వెళ్లింది. అదే వంశపు మరో మత్రూకా దావాలో వచ్చిన డిక్రీ పట్టుకుని హైదర్‌నగర్ భూముల మీద నడిచిన తగాదాలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2023 జూన్ అయింది.

మూడు తరాలు కోర్టు మెట్లెక్కాయి.

అదే నగరం పాతబస్తీలో మరో నవాబు ఆస్తి వేరే దారి పట్టింది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889 జూన్‌లో పుణెలో పుట్టాడు. నెల తిరగకుండానే తండ్రి పోయాడు. పొత్తిళ్లలో ఉన్నప్పుడే ఆయన ఎస్టేట్‌ను పెద్దలు చూడవలసి వచ్చింది. 1912లో, ఇరవై మూడేళ్లకే హైదరాబాద్ సంస్థాన ప్రధాని అయ్యాడు. రెండేళ్లకే ఆ పదవి వదిలి, మిగతా జీవితమంతా కళాఖండాల సేకరణకు ధారపోశాడు. పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న కన్నుమూసేనాటికి ఆయనకు నేరుగా వారసులు లేరు. బంధువర్గంలో హక్కుదారులు మాత్రం ఎందరో.

ఆస్తి అంటే భూములే అయితే కొలతలు వేసి పంచవచ్చు. ఆయన నివాసం దివాన్ దేవిడీలో ఉన్నది వేరు. తాత మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో కొన్న మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహాన్ని ఎన్ని వాటాలు వేయగలరు? అమ్మి డబ్బు పంచుకుంటే హైదరాబాద్‌కు మిగిలేదేమిటి?

అప్పటి పాలనాధికారి ఎం.కె. వెల్లోడి ఈ సేకరణ చెదరకూడదనుకున్నాడు. ఎస్టేట్ బాధ్యతను ప్రభుత్వం నియమించిన కమిటీ చూసింది. వేర్వేరు భవనాల్లో ఉన్న వస్తువులను ఒకచోట చేర్చి వర్గాలవారీగా అమర్చే పని కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. ఈ కథలో అసలు మలుపు ఇదే. ఎవరి వాటా ఎంతో తేలకముందే, ఉన్నదేమిటో అందరి కళ్లకూ కనబడింది. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. వారసుల రాజీ మాత్రం 1958 డిసెంబర్ 26న హైకోర్టు ద్వారా కుదిరింది. సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంటు చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది.

ఏడో నిజాం వారసులకు అంత సామరస్యం దక్కలేదు. 1948 సెప్టెంబర్‌లో లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు నిజాం ప్రభుత్వం నుంచి చేరిన పది లక్షల పౌండ్ల పైచిలుకు సొమ్ము వడ్డీతో సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయింది. 2019 అక్టోబర్ 2న ఇంగ్లండ్ హైకోర్టు పాకిస్తాన్ వాదన తోసిపుచ్చింది. భారత ప్రభుత్వానికీ, నిజాం మనవళ్లు ఇద్దరికీ అనుకూలంగా తీర్పిచ్చింది. అంతటితో ఆగలేదు. నిజాం ఎస్టేట్ అడ్మినిస్ట్రేటర్ నమ్మకద్రోహం చేశాడంటూ మిగతా వారసుల్లో కొందరు మళ్లీ కోర్టుకెక్కారు. 2020లో న్యాయస్థానం కేసు తిరగదోడడానికి ఒప్పుకోలేదు. ఇక ఖర్చుల సంగతి: పాకిస్తాన్ చెల్లించాలన్న కోర్టు ఖర్చుల్లో ఒక్క భారత ప్రభుత్వ భాగమే సుమారు 28 లక్షల పౌండ్లు.

అజమాయిషీ చేసేవారి ప్రతిఫలంపై మన చట్టం మొదటి నుంచీ జాగ్రత్తగానే ఉంది. భారత వారసత్వ చట్టం 1925లోని 309వ సెక్షన్ ప్రకారం వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటర్ తీసుకునే కమీషన్, ప్రభుత్వాధికారి అయిన అడ్మినిస్ట్రేటర్ జనరల్‌కు నిర్ణయించిన రేటు దాటకూడదు. ఎస్టేట్‌ను దుర్వినియోగం చేస్తే నష్టాన్ని ఎగ్జిక్యూటరే పూడ్చాలని 368వ సెక్షన్ చెబుతుంది. ఇంట్లో గొడవలు మాత్రం ఎక్కువగా కమీషన్ దగ్గర మొదలై, లెక్క దగ్గర ముదురుతాయి. లెక్క చూపని పెద్దన్న ఎంత నిజాయితీపరుడైనా తమ్ముళ్ల నోట దొంగే అవుతాడు.

అందుకే 317వ సెక్షన్‌ను వారసులంతా చదవాలి. ప్రొబేట్, అంటే వీలునామాకు కోర్టు ధ్రువీకరణ, తీసుకున్న ఎగ్జిక్యూటర్ ఆరు నెలల్లో ఆస్తుల జాబితాను, ఏడాదిలో జమాఖర్చులను కోర్టుకు దాఖలు చేయాలి. మీ ఇంట్లో అలాంటి ఎస్టేట్ ఉంటే, ఫీజు గురించి మాట పెరగకముందే ఆ జాబితా అడగండి.