పనుల పేరు ఎవరిది?

మా దోమ మండలంలో ఏ ఎన్నిక వచ్చినా ఒక మాట ఊరూరా తిరుగుతుంది. "సర్కారు ఎవరిదో వాళ్లకే వేస్తే పనులైతయి." బడిపంతులుగా ఎన్నికల డ్యూటీకి పోయిన ప్రతి ఊళ్లోనూ విన్నాను. రోడ్డుకు, బోరుకు, పింఛనుకు నాయకుడి చుట్టూ తిరగాల్సిన చోట ఆ మాటను తప్పుపట్టలేను.

2008లో ఆ మాటే మా పక్క నియోజకవర్గంలో గెలిచింది. తెలంగాణ కోసం టీఆర్ఎస్ వాళ్లు 4 ఎంపీ, 16 ఎమ్మెల్యే పదవులు వదులుకుని మళ్లీ నిలబడితే దక్కినవి 2, 7. వికారాబాద్‌లో అధికార కాంగ్రెస్ అభ్యర్థి గడ్డం ప్రసాద్ కుమార్ గెలిచారు. మాది పరిగి నియోజకవర్గం కాబట్టి మాకు ఓటు లేదు, కానీ చర్చంతా మా అరుగుల మీదే నడిచింది. అప్పుడు ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి. 2003 ఏప్రిల్ 9న ఆయన పాదయాత్ర మొదలైంది మా చేవెళ్లలోనే. ఉచిత కరెంటు, ఆరోగ్యశ్రీ అంటే జనం నోట వచ్చేది పార్టీ పేరు కాదు, ఆయన పేరే.

2009 సెప్టెంబర్ 2న ఆయన పోయారు. ఓదార్పు యాత్ర దగ్గర పార్టీతో చెడిన కొడుకు జగన్, 2010 నవంబర్ 29న కడప ఎంపీ పదవికి రాజీనామా చేశారు. తల్లి విజయమ్మ పులివెందుల ఎమ్మెల్యే పదవి వదిలారు. ఇద్దరూ జగన్ పెట్టిన కొత్త పార్టీ తరఫున మళ్లీ నిలబడ్డారు. 2011 మే 8న ఆ ఉప ఎన్నికల పోలింగ్. కాంగ్రెస్ ప్రభుత్వం పట్టుబట్టి పోరాడింది. మంత్రులు జిల్లాలో మకాం వేశారు. కడప లోక్‌సభకు ఆరోగ్య మంత్రి డి.ఎల్. రవీంద్రారెడ్డినే దింపారు. పులివెందులలో వదినకు ఎదురుగా మరిది వివేకానందరెడ్డిని నిలబెట్టారు. ఒకే ఇంటి మనుషులను అట్లా ఎదురెదురుగా చూడటం నాకు బాధనిపించింది.

13న లెక్కింపు. 2009లో కాంగ్రెస్ గుర్తు మీద దాదాపు 1.78 లక్షలున్న జగన్ మెజారిటీ 5.45 లక్షలు దాటింది. రవీంద్రారెడ్డికి, తెలుగుదేశం అభ్యర్థి మైసూరారెడ్డికి డిపాజిట్లు కూడా దక్కలేదు. విజయమ్మ 81 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు.

కడప వాళ్లు పనులు మరిచి సానుభూతికి ఓటేశారని అప్పట్లో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. వాళ్లూ పనులే చూశారు. వికారాబాద్‌లో కాంగ్రెస్‌కు కలిసొచ్చిన పేరే కడపలో ఎదుటి పక్షాన నిలబడింది. ఖజానా సొమ్ముతో జరిగిన పనికి ఒక మనిషి పేరు పెట్టి ఊరేగించిన పార్టీ, ఆ పేరు గడప దాటాక అడగడానికి ఏం మిగుల్చుకుంది? ప్రజల డబ్బు ప్రజలదని చెప్పే అలవాటు ఏ పార్టీకీ లేదు, అదే నా కోపం.

అయినా కాంగ్రెస్ దారి మార్చుకోలేదు. 2012 జూన్‌లో నెల్లూరు లోక్‌సభకు ఉప ఎన్నిక వచ్చింది. కాంగ్రెస్ వదిలి జగన్ పార్టీలోకి వచ్చిన మేకపాటి రాజమోహనరెడ్డి మీద టి. సుబ్బరామిరెడ్డిని నిలబెట్టి, 2.91 లక్షల తేడాతో ఆ సీటూ పోగొట్టుకుంది.