సొంత గడ్డకు దూరంగా గెలిచిన జట్టు

మన క్రికెట్ క్లబ్ రజతోత్సవ సంచికకు ఒక జట్టు చరిత్ర రాయమంటే నాకు ముందు తోచింది డెక్కన్ ఛార్జర్స్. ఐపీఎల్‌లో తెలుగువాళ్ల తొలి జట్టు, హైదరాబాద్ జట్టు. బతికింది అయిదు సీజన్లే.

మన హిందూపురానికి బెంగళూరు వంద కిలోమీటర్లు, హైదరాబాద్ అంతకు నాలుగింతలకు పైనే. పెద్ద క్రికెటర్లు మన దగ్గరికే వచ్చిన రోజూ ఉంది. 1997 డిసెంబరు 30న పుట్టపర్తి హిల్ వ్యూ స్టేడియంలో యూనిటీ కప్ కోసం సచిన్ జట్టు, రణతుంగ నడిపిన అంతర్జాతీయ జట్టు తలపడ్డాయి. కానీ అది ఒక్కరోజు పండుగ. ఏటా మనదని చెప్పుకునే జట్టు 2008లోనే వచ్చింది. ఇలా ఊరి పేరు మీద జట్టును అమ్మడం అమెరికా బేస్‌బాల్ ఎప్పుడో చేసిన పని. యజమాని తలచుకుంటే జట్టు ఊరే మారిపోతుందని బ్రూక్లిన్ వాళ్లకు 1957లోనే తెలిసింది. వాళ్ల డాడ్జర్స్ జట్టు లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయింది.

మన జట్టు కష్టం వేరు. సుమారు 10.7 కోట్ల డాలర్లు పెట్టి కొన్నారు. లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, సైమండ్స్, అఫ్రిది, గిబ్స్ అందరూ ఉన్నారు. అయినా తొలి ఏడాది 14 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది. ఆ రెండూ బయటి ఊళ్లలోనే. హైదరాబాద్‌లోని సొంత మైదానం ఉప్పల్‌కు వచ్చిన జనం ఒక్క గెలుపూ చూడలేదు.

మరుసటి ఏడాది ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలింది. అక్కడ గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో అదే జట్టు కొత్తగా లేచింది. సెమీఫైనల్లో ఢిల్లీ మీద అతను 35 బంతుల్లో 85 కొట్టాడు. మే 24న జోహన్నెస్‌బర్గ్‌లో ఫైనల్, ఎదురుగా బెంగళూరు! మన ప్రాంతం వాళ్లకు ఇంతకంటే ఇరకాటం ఉంటుందా? తొలి ఓవర్లోనే కుంబ్లే గిల్‌క్రిస్ట్‌ను సున్నాకు పంపాడు. గిబ్స్ చివరిదాకా నిలబడి 53 చేస్తే స్కోరు 143కు చేరింది. ఆఖరి ఓవర్లో బెంగళూరుకు 15 పరుగులు కావాలి. ఆర్పీ సింగ్ ఎనిమిదే ఇచ్చాడు. ఆరు పరుగులతో కప్పు మనదైంది. విశాఖ కుర్రాడు వేణుగోపాలరావు, అప్పట్లో హైదరాబాద్ తరఫున ఆడే సుమన్, ఓఝా ఆ జట్టులో ఉన్నారని నేను ఇప్పటికీ గర్వంగా చెబుతాను.

ఛాంపియన్లయి కూడా ఇంటికి రాలేకపోయారు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉండడంతో 2010లో సొంత మ్యాచ్‌లను కటక్, నాగపూర్, నవీ ముంబైలలో ఆడారు. ఉప్పల్‌లో తొలి గెలుపు 2011 ఏప్రిల్లో గానీ దక్కలేదు. అదీ బెంగళూరు మీదే. 2012 మే 20న ఉప్పల్‌లోనే బెంగళూరును తొమ్మిది పరుగులతో ఓడించి ఇంటిదారి పట్టించారు. ఛార్జర్స్ ఆడిన చివరి మ్యాచ్ అదే. యాజమాన్యం అప్పుల్లో కూరుకుపోయింది. సెప్టెంబరులో బోర్డు ఒప్పందం రద్దు చేసింది. అక్టోబరులో హైదరాబాద్ జట్టు హక్కులు సన్ టీవీకి వెళ్లాయి.

ఆ కొత్త జట్టు సన్‌రైజర్స్ 2016లో కప్పు గెలిచింది చిన్నస్వామి స్టేడియంలో, బెంగళూరు మీద, ఎనిమిది పరుగులతో. దాన్నే హైదరాబాద్ తొలి కప్పుగా చెప్పడం నేను ఒప్పుకోను. మన క్లబ్ పిల్లలు రెండు కప్పులనే లెక్క చెప్పాలి, 2009 ముందు చెప్పాలి.