గుట్ట దిగే సరదా

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో గుట్టలకు కొదువ లేదు. బస్సు కిటికీలోంచి ఎటు చూసినా బోడ బండలు, ఎవరో పేర్చిపెట్టినట్టుండే గుండ్లు. లేనిదల్లా మంచు. ఎండాకాలం 45 డిగ్రీలకు ఎక్కే ఈ నేల మీద పుట్టినవాళ్ళకు గుట్ట ఎక్కడమంటే మొక్కు తీర్చుకోవడం. చెర్వుగట్టుకు పోతే జడల రామలింగేశ్వరుణ్ణి చూసుకొని ఊరుకోరు, మూడు గుండ్ల ఇరుకు సందుల్లోంచి ఒళ్ళు ఒంచుకొని పైకి పోతారు. మన్యంకొండ, కురుమూర్తి, ఉమామహేశ్వరం యాత్రలన్నీ ఆ తరహావే. నల్లమలలోని సలేశ్వరానికైతే చైత్ర పున్నమి జాతర రోజుల్లో అడవిలో రాళ్ళూరప్పలూ దాటుకుంటూ నడవాల్సిందే. పడ్డ కష్టమంతా మొక్కులో జమ. దిగడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మా పెద్దమ్మకు కొలరాడో నుంచి మనవడు ఒక వీడియో పంపాడు. తీగకు వేలాడే కుర్చీలో కూర్చుని కొండ మీదికి పోతాడు, కాళ్ళకు చెక్కలతో కిందికి జారుతాడు, మళ్ళీ కుర్చీ ఎక్కుతాడు. ఆమె రెండుసార్లు చూసింది. "గుడి లేదు, గుండం లేదు, ఎక్కుడు సుత లేదు. గింత దూరం పోయి జారుడేందిర?" అన్నది. అందరం నవ్వాం. కానీ స్కీయింగ్ పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తుంటే ఆమె సరైన ప్రశ్నే అడిగిందనిపిస్తుంది. ఉత్త జారుడు కోసం కొండకు పోవడమన్నది ఈ చెక్కల చరిత్రలో చివరి తొంభై ఏళ్ళ ముచ్చట.

చెక్కల వయసు మాత్రం వేల ఏళ్ళు. రష్యా ఉత్తర ప్రాంతంలో విస్ అనే చోట ఊబినేలలో దొరికిన స్కీ ముక్కలు సుమారు 8 వేల ఏళ్ళ కిందటివి. అందులో ఒకదానికి ఎల్క్ అనే పెద్ద దుప్పి తల చెక్కి ఉంది. స్వీడన్‌లోని కాల్వ్‌ట్రాస్క్‌లో దొరికిన జత 5 వేల ఏళ్ళ పైచిలుకుది. దాంతోపాటే దొరికిన ఊతకర్ర చివర పారలా వెడల్పుగా ఉంది. వేటగాడి సరంజామా అది. మెత్తటి మంచులో దుప్పి కాళ్ళు లోపలికి దిగబడిపోతాయి. చెక్క మీద నిలబడ్డ మనిషి బరువు పొడవునా పరుచుకుంటుంది కాబట్టి దిగబడడు, వెంటాడి పట్టుకుంటాడు. మధ్య ఆసియాలోని ఆల్టాయ్ కొండల్లో ఇప్పటికీ ఇలాంటి స్కీలు చేసుకుంటారు. చెక్క అడుగున గుర్రపు తోలు బిగిస్తారు, వెంట్రుకలు వెనక్కి వాలి ఉండేట్టు. ముందుకు జారేటప్పుడు వెంట్రుకలు అణిగిపోతాయి, ఎక్కేటప్పుడు నిక్కబొడుచుకొని మంచును పట్టుకుంటాయి. అంటే ఆ స్కీ దిగడానికి ఎంత పనికొస్తుందో ఎక్కడానికీ అంతే పనికొస్తుంది. చేతిలో ఒకటే కర్ర.

నార్వే, స్వీడన్ అడవుల్లో ఇంకో వింత ఉండేది. రెండు కాళ్ళకూ రెండు కొలతల చెక్కలు. పొడవాటిది జారడానికి, తోలు తొడిగిన పొట్టిది నేలను తన్నడానికి. పంతొమ్మిదో శతాబ్దం దాకా ఈ జోడు లేని జోళ్ళు నడిచాయి. వేటగాళ్ళ తర్వాత వీటిని గట్టిగా పట్టుకున్నది సిపాయిలు. 1767లోనే నార్వే సైన్యం స్కీ పందేలు పెట్టి గెలిచినవాళ్ళకు నగదు బహుమతులు ఇచ్చింది.

స్కీని ఆ పందేల నుంచి పల్లెటూరి ఆటకు తెచ్చిన మనిషి సోండ్రే నోర్‌హైమ్. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతం, మోర్గెడాల్ ఊరు. కౌలు బతుకు. అప్పటిదాకా స్కీకి బొటనవేలి దగ్గర ఒక పట్టీ ఉండేది, మడమ విడిగా ఆడేది. దూకితే చెక్క ఊడిపోయేది. అతను మెలితిప్పిన కొమ్మలతో మడమ చుట్టూ కూడా కట్టు వేశాడు, చెక్కను నడుము దగ్గర సన్నం చేశాడు. దాంతో వేగంగా దిగుతూ మలుపు తిరగడం, ఎగిరి దూకి నిలబడటం వీలైంది. 1868లో అప్పట్లో క్రిస్టియానియా అనే ఓస్లోకు దాదాపు 200 కిలోమీటర్లు స్కీల మీదే పోయి పట్నంవాళ్ళ ముందు పందెం గెలిచాడు. పేరొచ్చింది గానీ కూడు రాలేదు. 1884లో కుటుంబంతో అమెరికా వలసపోయి, 1897లో నార్త్ డకోటా మైదానాల్లో, జారడానికి కొండన్నదే లేని చోట చనిపోయాడు. ఈ వలస మాట పాలమూరులో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. దూర ప్రయాణమంటే మొన్న మొన్నటిదాకా అక్కడ బొంబాయి బస్సూ వలసా తప్ప విహారం కాదు.

యూరప్ అంతటికీ స్కీ పిచ్చి అంటించింది ఫ్రిట్యోఫ్ నాన్‌సెన్. 1888లో స్కీలతో గ్రీన్‌లాండ్‌ను అడ్డంగా దాటి, రెండేళ్ళకు ఆ ప్రయాణం మీద పుస్తకం వేశాడు. ఆల్ప్స్ దగ్గర అప్పటికే చలికాలపు విడిదులు మొదలయ్యాయి. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్ హోటల్ యజమాని జొహానెస్ బాడ్రుట్ 1864లో తన ఇంగ్లిష్ అతిథులతో పందెం కాశాడనీ, చలికాలంలో వచ్చి నచ్చకపోతే ఖర్చులు తనవేనన్నాడనీ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. దావోస్ అప్పట్లో క్షయరోగులు గాలిమార్పు కోసం పోయే ఊరు. భార్య జబ్బు కారణంగా అక్కడ ఉన్న ఆర్థర్ కానన్ డాయిల్, షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త, 1894లో స్థానికుల సాయంతో కొండ దాటి అరోజాకు స్కీ మీద పోయి దాని గురించి పత్రికలో రాశాడు. వీళ్ళంతా పొద్దుటినుంచీ ఎక్కి కాసేపట్లో దిగినవాళ్ళు. ఎక్కినంత మేరకే దిగుడు.

ఈ లెక్కను తిరగేసింది అరటిగెలలు. అమెరికాలో యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ చలికాలంలోనూ రైళ్ళు నిండాలని ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అనే రిసార్టు కట్టింది. ఆ కంపెనీ ఇంజినీరు జేమ్స్ కర్రన్ అంతకుముందు ఉష్ణదేశాల్లో అరటిగెలల్ని కొక్కేలకు తగిలించి తీగ మీద ఓడలోకి చేరవేసే యంత్రాల మీద పనిచేశాడు. కొక్కెం తీసేసి కుర్చీ పెడితే మనిషి పోడా అనుకున్నాడు. 1936 డిసెంబరులో మొదటి చెయిర్‌లిఫ్ట్ తిరగడం మొదలైంది. నా మటుకు స్కీ సెలవులు పుట్టింది అప్పుడే. ఎక్కడమన్నది డబ్బిచ్చి కొనుక్కునే వస్తువైపోయింది. రోజుకు నాలుగైదు సార్లు ఎక్కగలిగే మనిషి ఇరవై సార్లు దిగగలిగాడు, కాళ్ళు కూడా ఆ లెక్కనే విరగ్గొట్టుకున్నాడు. అమెరికాలో స్థిరపడ్డ నార్వే మనిషి హ్యాల్మర్ వామ్ తన కాలు విరిగాక, ఒక హద్దు దాటి మెలిపడితే బూటును దానంతటదే వదిలేసే కట్టును 1939 నాటికి తయారుచేశాడు. ఇప్పుడు మనం వేసుకునే ప్రతి స్కీ కట్టుకూ మూలం ఆ ఆలోచనే. రెండో ప్రపంచయుద్ధంలో కొండల మీద పోరుకు శిక్షణ పొందిన అమెరికన్ సైనికులు తిరిగొచ్చి రిసార్టులు పెట్టారు. అలా కొలరాడోలో 1962లో తెరుచుకున్న వెయిల్‌కే మన తెలుగు పిల్లలు డెన్వర్ నుంచి వారాంతాల్లో పోతుంటారు.

మన దేశంలో గుల్మార్గ్‌లో 1927లో బ్రిటిష్‌వాళ్ళు స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టారు. క్రిస్మస్‌కొకసారి, ఈస్టర్‌కొకసారి పోటీలు. స్వాతంత్ర్యం రాగానే వాళ్ళు వెళ్ళిపోయారు, ఆ మంచు మీదికి సైన్యం వచ్చింది. 1948లో అక్కడ పెట్టిన సైనిక స్కీ పాఠశాలే తర్వాత హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అయింది. ఉత్తరాఖండ్‌లోని ఔలీ కూడా అంతే, ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసులు శిక్షణ పొందిన వాలు మీదికి తర్వాత పర్యాటకులొచ్చారు. 1964 ఇన్స్‌బ్రుక్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున మొదటిసారి దిగిన జెరెమీ బుజకోవ్‌స్కీ, 1988 కాల్గరీలో మొదటి భారతీయ మహిళ శైలజా కుమార్, 2022 బీజింగ్‌లో కశ్మీరీ ఆరిఫ్ ఖాన్, ముగ్గురూ స్కీయర్లే. గుల్మార్గ్‌కు గండోలా రోప్‌వే మొదటి దశ 1998లో, అఫర్వత్ కొండ దాకా రెండో దశ 2005లో వచ్చాయి. రెండో దశ దిగేచోటు దాదాపు 13 వేల అడుగుల ఎత్తు. తొక్కిడి లేని తాజా మంచు కోసం విదేశీ స్కీయర్లు అక్కడికి వస్తారు. మనవాళ్ళు మాత్రం ఎక్కువగా పైదాకా పోయి, ఫోటోలు దిగి, అదే డబ్బాలో కిందికొస్తారు.

మా జిల్లాలకు చల్లటి విడిది అసలు లేదనలేం. నల్లమలలో మన్ననూరు పైన ఫర్హాబాద్‌లో నిజాం వేట బంగళా శిథిలాలున్నాయి. అది దొరలకు. మామూలు జనానికి మంచు దారి తెరిచింది భువనగిరి బండ. చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడి పేరు మోసిన ఆ ఏకశిల మీద శేఖర్‌బాబు బచినేపల్లి, పరమేశ్ కుమార్ సింగ్ పిల్లలకు రాయి ఎక్కడం నేర్పారు. అప్పట్లో సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న, పాలమూరు జిల్లా అలంపూర్‌లో పుట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ తన విద్యార్థుల్ని అక్కడికి పంపారు. వాళ్ళలోంచి ఏరిన కొందరు డార్జిలింగ్‌కూ, ఆ తర్వాత లడఖ్ చలికీ పోయారు. చివరికి నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. భువనగిరి అమ్మాయే అయిన పడమటి అన్వితారెడ్డి 2022 మేలో అదే శిఖరానికి చేరింది. ఎండకు కాలే నల్లరాయి మీద తాడు పట్టడం నేర్చి మంచు మీదికి పోయిన పిల్లలు వీళ్ళు. మా పెద్దమ్మ లెక్కలో వీళ్ళది యాత్రే, ఎక్కుడుంది కాబట్టి. ఎవరెస్టును స్కీల మీద దిగిన మనిషి కూడా ఉన్నాడని చెప్తే ఆమె ఏమంటుందో. స్లొవేనియాకు చెందిన దావో కార్నిచార్ 2000 అక్టోబరులో శిఖరం నుంచి బేస్‌క్యాంపు దాకా కాళ్ళకున్న స్కీలు విప్పకుండా దిగాడు.

మరి సెలవులకు పోయే కుటుంబం సంగతి? చిక్కంతా నెలల్లో ఉంది. మన బడులకు పెద్ద సెలవులు ఎండాకాలంలో, మంచు ఉండేది జనవరి, ఫిబ్రవరిలో. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకీ, అక్కడి నుంచి రాత్రి బస్సులో మనాలికీ మే నెలలో చేరినవాళ్ళకు ఆ పక్కనున్న సోలంగ్ లోయలో పచ్చగడ్డి కనిపిస్తుంది. రోహ్‌తాంగ్ దాకా పోతే టైర్ల బురద కలిసిన మంచు దొరుకుతుంది. కాబట్టి స్కీ కావాలంటే మనకు మిగిలింది సంక్రాంతి సెలవులు.

మనాలి నుంచి సోలంగ్ పోయే దారి పొడవునా నంబర్లు వేసిన దుకాణాలుంటాయి. డ్రైవరు తన దుకాణం ముందు ఆపుతాడు. రంగురంగుల ఓవరాల్స్, గమ్‌బూట్లు అద్దెకు. ఓవరాల్ లోపల ముందు వేసుకున్నవాళ్ళ చెమట వాసన, జేబులో ఎవరిదో చాక్లెట్ కాగితం. పైన స్కీ బూటు వేరే ఉంటుంది, గట్టి ప్లాస్టిక్, చీలమండ అటూఇటూ కదలదు. ముందు వేళ్ళవైపు కట్టులో దూర్చి, తర్వాత మడమను గట్టిగా తొక్కితే టక్కుమంటుంది. ఆ చప్పుడు రాకుంటే స్కీ పట్టుకోనట్టే, బూటు అడుగున అంటుకున్న మంచు గీకి మళ్ళీ తొక్కాలి. గైడు కర్ర పట్టుకొని వంద గజాలు లాగి, ఇంకో వంద గజాలు వదిలి, అరగంటకు డబ్బులు తీసుకుంటాడు. దాన్ని స్కీయింగ్ అనడానికి నాకు మనసొప్పదు. నేర్చుకోవాలనే కోరికుంటే మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ, గుల్మార్గ్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ చలికాలంలో 14 రోజుల ప్రాథమిక కోర్సులు నడుపుతాయి. అక్కడ మొదటి రోజుల్లో లిఫ్టు ముట్టనివ్వరు. స్కీలు అడ్డంగా పెట్టి అడుగడుగూ వాలు ఎక్కిస్తారు, ఎక్కినంతే దిగనిస్తారు.

ముందుగా నేర్పేది ఆగడం. స్కీల మొనలు దగ్గరికి తెచ్చి మడమలు విడదీస్తే లోపలి అంచులు మంచును గీరుకొని వేగం తగ్గుతుంది. అమెరికాలో పిల్లలకు దీన్నే 'పిజ్జా' అంటారు, స్కీలు సమాంతరంగా పెడితే 'ఫ్రెంచ్ ఫ్రైస్'. కొత్తవాళ్ళు చేసే తప్పు వెనక్కి వాలడం. కింద లోయ కనబడగానే ఒళ్ళు దానంతటదే వెనక్కి పోతుంది, అప్పుడు స్కీ ముందుభాగం తేలిపోయి అసలు చెప్పుచేతల్లో ఉండదు. భయమేసినకొద్దీ ముందుకే వంగి, ముంగాలు ఎముకను బూటుకు ఆనించాలి. పడక తప్పదనుకుంటే పక్కకు, వాలుకు పైవైపుకు పడాలి.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లోని తెలుగు కుటుంబాలకు స్కీయింగ్ జనవరి, ఫిబ్రవరి లాంగ్ వీకెండ్ల కార్యక్రమం. పోకనోస్ కొండలకు నాలుగైదు కార్లు కలిసి బయల్దేరతాయి, లాడ్జి బల్లల మీద పులిహోర డబ్బాలు తెరుచుకుంటాయి. పిల్లలు వారంలోపే కాస్త కష్టమైన బ్లూ వాలుకు పోతారు, తండ్రులు తేలికైన గ్రీన్ వాలు దగ్గరే ఉండి వీడియోలు తీస్తారు. అక్కడి మంచులో చాలాభాగం ఆకాశం నుంచి పడింది కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రాసింజర్స్ రిసార్టు 1952లో యంత్రాలతో మంచు చేయించి వాలు మీద పోయించింది. ఇప్పుడు తూర్పు తీరమంతా రాత్రిపూట నీళ్ళూ గాలీ కలిపి చిమ్మే ఆ గొట్టాల మీదే ఆధారపడుతోంది.

గుల్మార్గ్ మాత్రం ఆకాశాన్నే నమ్ముకుంది. 2024 జనవరిలో అక్కడి వాలు గోధుమరంగులో ఉన్న ఫోటోలు దేశమంతా చూసింది. 2025 ఫిబ్రవరిలో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్ని మంచు చాలక వాయిదా వేసి మార్చిలో జరిపారు. ఔలీకి జోషీమఠ్ నుంచి పోయే రోప్‌వే 2023 జనవరిలో ఊరి నేల కుంగడంతో ఆగింది. అందుకే సంక్రాంతికి టికెట్లు తీసేవాళ్ళు రద్దు చేసుకునే వీలున్న గదులే చూసుకోవడం మేలు. పిల్లలకు ఊరికే మంచు ముట్టుకుంటే చాలనుకుంటే హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004 నుంచీ ఉన్న స్నో వరల్డ్ నల్లగొండ నుంచి రెండు మూడు గంటల దూరమే. ఇక భువనగిరి కోటకు రోప్‌వే వేయాలన్న ప్రతిపాదన చాన్నాళ్ళుగా నలుగుతోంది. స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద కోట అభివృద్ధికి కేంద్రం నిధులు కూడా మంజూరు చేసింది. తీగ పడితే ఆ బండ మీదికి కూడా కూర్చుని పోవచ్చు. దిగేందుకు మాత్రం మెట్లో, అదే డబ్బానో.